ఉపకులపతి పక్క గదుల్లో ఎవరున్నారో కూడా రాయండి

గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారములు.

ఏ విశ్వవిద్యాలయానికైనా కొత్త ఉపకులపతి వచ్చిన మర్నాడు పత్రికలన్నింటిలోనూ దాదాపు ఒకే తీరు వార్త కనిపిస్తుంది. పుష్పగుచ్ఛం అందుకుంటున్న ఫొటో, స్వగ్రామం పేరు, పీహెచ్‌డీ చేసిన చోటు, ప్రచురించిన పరిశోధన పత్రాల సంఖ్య, చివర విశ్వవిద్యాలయానికి పూర్వవైభవం తెస్తామన్న హామీ ఉంటాయి. ఆ వార్త రాయవలసిందే. ప్రజల డబ్బుతో నడిచే సంస్థకు పెద్దగా ఎవరు వచ్చారో ప్రజలకు తెలియాలి. అయితే ఆ పెద్ద గదికి అటూ ఇటూ ఉన్న గదుల్లో రిజిస్ట్రారుగా, పరీక్షల నియంత్రణాధికారిగా, ఫైనాన్స్ ఆఫీసరుగా ఎవరు కూర్చున్నారో, వారు ఎక్కడి నుంచి వచ్చారో, ఏ పద్ధతిలో ఎంపికయ్యారో, ఎంతకాలం ఉంటారో మాత్రం ఏ పేజీలోనూ దొరకదు. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, డిప్యూటీ రిజిస్ట్రారుగా పదవీ విరమణ చేసిన నేను ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో గట్టిగా తెలుసుకున్న సంగతి ఒకటి ఉంది. విద్యార్థి చేతికి సమయానికి పట్టా అందడమూ అందకపోవడమూ ఎక్కువగా ఆ పక్క గదుల మీదనే ఆధారపడి ఉంటుంది. ఆ గదులు ఏళ్ల తరబడి ‘ఇన్‌చార్జి’ బోర్డులతో నడవడమే ఈ ఉత్తరం రాయడానికి కారణం.

ముందుగా ఎవరి పని ఏమిటో చెప్పాలి, ఎందుకంటే బయటివారికే కాక లోపల చదువుకునేవారికి కూడా ఇది సరిగా తెలియదు. గవర్నరు హోదా రీత్యా కులపతి. చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఇదే ఏర్పాటు. ఉపకులపతి విద్యా విషయాల్లోనూ పాలనలోనూ ప్రధానాధికారి. పాలకమండలికి అధ్యక్షత వహిస్తారు. మన రెండు రాష్ట్రాల్లోని చాలా విశ్వవిద్యాలయాలకు ఆధారమైన 1991 నాటి చట్టం ప్రకారం పదవీకాలం మూడేళ్లు. రిజిస్ట్రారు దస్త్రాలకూ అధికార ముద్రకూ సంరక్షకులు. నియామక ఉత్తర్వులు, సర్వీసు రిజిస్టర్లు, పాలకమండలి తీర్మానాలు అన్నీ ఆ సంతకంతోనే బయటికి వెళతాయి, విశ్వవిద్యాలయం మీద ఎవరు కోర్టుకెక్కినా ప్రతివాదిగా రాసేది రిజిస్ట్రారు హోదానే. ప్రశ్నపత్రం తయారీ నుంచి మూల్యాంకనం, ఫలితాలు, మార్కుల మెమో, ఓడీ (అసలు పట్టా) వరకు పరీక్షల నియంత్రణాధికారి బాధ్యత. ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటు, కళాశాలల అఫిలియేషన్ రుసుములు, జీతాలు, పింఛన్లు, ఆడిట్ అభ్యంతరాలు ఫైనాన్స్ ఆఫీసరు చేతిమీదుగా సాగుతాయి. ఒక ఫైలు సెక్షన్‌లో అసిస్టెంటు దగ్గర పుట్టి, సూపరింటెండెంటు, అసిస్టెంట్ రిజిస్ట్రారు, డిప్యూటీ రిజిస్ట్రారు సంతకాలతో పైకెక్కి, రిజిస్ట్రారు దాటి ఉపకులపతి పేషీకి చేరుతుంది. మెట్లలో ఒకటి ఖాళీగా ఉంటే ఫైలు అక్కడే కూర్చుంటుంది.

అలా కూర్చున్న ఒక ఫైలు గురించి చెబుతాను. నేను పరిశోధన విభాగంలో ఉన్న రోజుల్లో మా ఉపకులపతి పదవీకాలం ముగిసింది. ముగిసే తేదీ మూడేళ్ల ముందే అందరికీ తెలుసు. అయినా కొత్తవారి నియామకం జరగలేదు, రాజధానిలో ఉండే ఒక సీనియర్ అధికారికి అదనపు బాధ్యత అప్పగించారు. ఆయన మంచి అధికారి, మర్యాదస్తుడు, ఫైలును ఆసాంతం చదివే అలవాటున్నవారు. కాని ఆయన చేతిలో అప్పటికే రెండు శాఖలున్నాయి. వారానికి ఒకరోజు మా అటెండరు ఫైళ్లన్నీ గుడ్డలో మూటగట్టుకుని తెల్లవారుజామున తొలి బస్సెక్కి రాజధానికి వెళ్లేవాడు, ఆ అధికారి సమీక్షా సమావేశాల నుంచి ఎప్పుడు బయటికొస్తారా అని ఆ ఆఫీసు వరండాలో బల్లమీద కూర్చునేవాడు, రాత్రికి సగం ఫైళ్లు సంతకం లేకుండానే వెనక్కి తెచ్చేవాడు. ఆ మూటలో ఒక పీహెచ్‌డీ పరిశీలకుల జాబితా ఉంది. సిద్ధాంత గ్రంథం సమర్పించాక పర్యవేక్షకులు సూచించిన పేర్లలో నుంచి బయటి పరిశీలకులను ఉపకులపతి ఎంపిక చేయాలి. అది ఒక్క టిక్కు పెట్టే పని. ఆ టిక్కు పడితేగాని గ్రంథం పరిశీలనకు వెళ్లదు, వెళితేగాని వైవా (మౌఖిక పరీక్ష) జరగదు.

ఆ గ్రంథం ఒక వ్యవసాయ కూలీ కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయిది. నల్ల అట్ట, బంగారు రంగు అక్షరాలు, అయిదు ప్రతులు మా సెక్షన్‌లో ఇనుప బీరువాలో ఉండేవి. ఆమె వచ్చినప్పుడల్లా ముందు ఆ బీరువా వైపు చూసి, తరువాత నా వైపు చూసేది. ఒకసారి వాళ్ల నాన్నగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని, ‘సార్, పరీక్ష ఏమైనా మిగిలిందా, అమ్మాయి ఇంకా ఏమన్నా రాయాలా?’ అని అడిగారు. రాయవలసింది ఏమీ లేదనీ, అమ్మాయి తన పని ఎప్పుడో పూర్తి చేసిందనీ చెప్పాను. ‘మరి ఎవరు రాయాలి సార్?’ అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఈలోగా అధ్యాపక ఉద్యోగాల ప్రకటన ఒకటి వచ్చి, గడువు ముగిసి, వెళ్లిపోయింది. కొత్త ఉపకులపతి వచ్చిన రెండో వారంలోనే ఆ జాబితా మీద సంతకం పడింది. పట్టా చేతికందిన రోజు ఆమె మా అందరికీ మిఠాయి పంచింది, నేను తీసుకున్నాను కాని ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే మనసు బాగుండదు.

ఇది ఒక్క సంస్థ కథగా కొట్టిపారేయడానికి వీలులేదు. తెలంగాణలో 2019 జులైలో పలు విశ్వవిద్యాలయాల ఉపకులపతుల పదవీకాలం ముగిస్తే, కొత్తవారు వచ్చింది 2021 మే నెలలో. ఆ మధ్యకాలమంతా ఐఏఎస్ అధికారుల ఇన్‌చార్జి పాలనే. 2021లో వచ్చినవారి గడువు 2024 మే 21తో ముగిసింది. అది ముందుగా తెలిసిన తేదీయే అయినా మళ్లీ ఇన్‌చార్జులు వచ్చారు, తొమ్మిది విశ్వవిద్యాలయాలకు అక్టోబరు 18న మాత్రమే పూర్తిస్థాయి ఉపకులపతులు నియమితులయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ప్రభుత్వం మారిన తరువాత పలువురు ఉపకులపతులు రాజీనామా చేశారు. తొమ్మిది విశ్వవిద్యాలయాలకు కొత్తవారి పేర్లు వెలువడింది 2025 ఫిబ్రవరిలో. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే జరిగింది కనుక, దీన్ని ఒక ప్రభుత్వానికి అంటగట్టే ఉద్దేశం నాకు లేదు. సర్పంచి పదవీకాలం ముగిసినా ఎన్నికలు జరగక ప్రత్యేకాధికారి వచ్చిన గ్రామ పంచాయతీలో ఏం జరుగుతుందో పల్లె మనిషికి తెలుసు. వీధి దీపం వెలుగుతుంది, పన్ను వసూలవుతుంది, కొత్త పని మాత్రం ఒక్కటీ మొదలుకాదు. ఉపకులపతి లేని విశ్వవిద్యాలయమూ అంతే. జీతాలు పడతాయి, పరీక్షలు జరుగుతాయి, కాని అధ్యాపకుల నియామకం, కొత్త కోర్సు, నిధుల కోసం రాయవలసిన ప్రతిపాదన వంటివి ‘కొత్త వీసీ వచ్చాక చూద్దాం’ అన్న ఒక్క మాటతో ఆగిపోతాయి.

మన పూర్వులు ఈ పదవిని ఎలా చూశారో గుర్తు చేసుకోవడం అవసరం. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్ర విశ్వవిద్యాలయం) ఏర్పడినప్పుడు తొలి ఉపాధ్యక్షులుగా, అంటే ఉపకులపతిగా, వచ్చిన కట్టమంచి రామలింగారెడ్డి గారు కవి, సాహిత్య విమర్శకులు, కేంబ్రిడ్జిలో చదివినవారు, అంతకన్నా ముఖ్యంగా మైసూరు సంస్థానంలో విద్యాశాఖను నడిపి, ఒక ఉత్తర్వు కాగితం మీది నుంచి పల్లె బడి గదిదాకా ఎలా ప్రయాణిస్తుందో స్వయంగా చూసినవారు. స్వాతంత్ర్యోద్యమం మీద బ్రిటిష్ ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా ఆ పదవిని వదులుకున్నారు. 1931లో ఆయన స్థానంలో వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కలకత్తాలో తత్త్వశాస్త్ర ఆచార్యులు. దేశం నలుమూలల నుంచి ప్రతిభావంతులైన యువ అధ్యాపకులను విశాఖపట్నంలోని వాల్తేరుకు రప్పించారు. 1936లో రెడ్డి గారు తిరిగి వచ్చి పదమూడేళ్లు ఉన్నారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారి వంటి దాత ఆ సంస్థకు అండగా నిలవడానికి, నడిపేవారి మీద నమ్మకం కుదరడమే కారణమని నేను అనుకుంటాను. ఒకరు కవి, ఒకరు తాత్త్వికులు, ఇద్దరి చదువులూ వేరు. ఇద్దరికీ పని చేయడానికి తగినంత కాలం దొరికింది.

హైదరాబాదు వైపు చూస్తే, 1952లో ఉస్మానియా ఉపకులపతి అయిన సూరి భగవంతం గారు భౌతికశాస్త్రవేత్త. అక్కడి నుంచి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా వెళ్లారు. 1977లో ఉస్మానియా ఉపకులపతిగా వచ్చిన జి. రామిరెడ్డి గారు ప్రభుత్వపాలనా శాస్త్రం బోధించిన ఆచార్యులు. 1982లో దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏర్పడినప్పుడు తొలి ఉపకులపతి ఆయనే, 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి ఆయనే, తరువాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అధ్యక్షులయ్యారు. బడికి దూరమైన గృహిణులు, గుమాస్తాలు, కూలీలు లక్షల సంఖ్యలో పట్టాలు పొందడానికి దారి వేసింది పాలనను ఒక శాస్త్రంగా చదువుకున్న మనిషి. హైదరాబాదులోని ఆ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తెలుగు విశ్వవిద్యాలయానికీ ఉపకులపతిగా పనిచేసిన సి. నారాయణరెడ్డి గారిని తెలుగువారికి పరిచయం చేయనక్కరలేదు.

వీరి మధ్యలో డి.ఎస్. రెడ్డి గారి ఉదంతం ఇప్పటి తరానికి తప్పక తెలియాలి. 1957 నుంచి ఉస్మానియా ఉపకులపతిగా ఉన్న ఆయన పదవీకాలం ఇంకా మిగిలి ఉండగానే, 1966లో రాష్ట్ర ప్రభుత్వం ఉస్మానియా చట్టాన్ని సవరించింది. అయిదేళ్ల పదవీకాలాన్ని మూడేళ్లకు తగ్గించింది, అంతటితో ఆగకుండా, సవరణ నాటికి పదవిలో ఉన్న ఉపకులపతి స్థానంలో తొంభై రోజుల్లోగా కొత్తవారిని నియమించాలని ఒక సెక్షన్ చేర్చింది. మామూలుగా ఉపకులపతిని తొలగించాలంటే న్యాయమూర్తి స్థాయి వారితో విచారణ జరిపించాలని అదే చట్టం చెబుతుంటే, ఈ ఒక్క మనిషికి మాత్రం విచారణ లేకుండా దారి చూపించే ఏర్పాటు అది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. రాజ్యాంగం 14వ అధికరణం హామీ ఇచ్చిన సమానత్వానికి విరుద్ధమని ఆ సెక్షన్‌ను 1967లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఉపకులపతి ఒక ప్రభుత్వం తలచుకోగానే సర్దుకుని వెళ్లవలసిన మనిషి కాదని, తెలుగు నేల మీద పుట్టిన ఆ కేసులో ఒక ఆచార్యుడు కోర్టు గుమ్మం ఎక్కి నిలబెట్టుకున్నారు. అదే నేల మీద ఇప్పుడు ప్రభుత్వం మారితే ఉపకులపతులు వరసగా రాజీనామా పత్రాలు ఇవ్వడం మామూలు వార్త అయింది. నాకు ఇది బాధ కలిగిస్తుంది.

ఇక రిజిస్ట్రారు గది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రిజిస్ట్రారు సాధారణంగా అక్కడి ఆచార్యుల్లో ఒకరు. కొత్త ఉపకులపతి రాగానే తనకు నమ్మకమున్నవారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టుకోవడం ఆనవాయితీ. నేను మూడేళ్లలో నలుగురు రిజిస్ట్రార్ల దగ్గర పనిచేశాను. వారిలో ఒకరు జంతుశాస్త్ర ఆచార్యులు. క్లాసులో ఆయన పాఠం వినడానికి వేరే విభాగాల విద్యార్థులు కూడా వచ్చేవారని ప్రతీతి. బాధ్యతలు తీసుకున్న రోజు సాయంత్రం నన్ను పిలిచి, తలుపు వేయించి, ‘నోట్‌ఫైలుకూ కరెస్పాండెన్స్ ఫైలుకూ తేడా ఏమిటో ముందు నాకు నేర్పండి, నేర్చుకోకుండా సంతకం పెట్టను’ అన్నారు. ఆ నిజాయితీకి నేను లోలోపల దండం పెట్టుకున్నాను. ప్రతి సాయంత్రం ఒక గంట కూర్చుని చట్టం, దాని కింద విశ్వవిద్యాలయం చేసుకునే నియమాలైన స్టాట్యూట్లు, ఆర్డినెన్సులు, రిజర్వేషన్ల రోస్టర్ నిబంధనలు, కోర్టుకు వేయవలసిన కౌంటర్ అఫిడవిట్ల గడువులు అన్నీ నేర్చుకున్నారు. పదకొండో నెలలో ఆయన పని పట్టుబడింది. పన్నెండో నెలలో ఉపకులపతి మారారు, ఆయన తిరిగి డిపార్టుమెంటుకు వెళ్లిపోయారు. తరువాత వచ్చినవారు పాత నిర్ణయాలన్నీ ‘మళ్లీ పుటప్ చేయండి’ అన్నారు. ఒక పింఛను ఫైలు అలా మూడుసార్లు మొదటి నుంచి మొదలైంది. ఆ పింఛను కోసం ఎదురుచూసిన లైబ్రరీ ఉద్యోగి మందుల చీటీలు జేబులో పెట్టుకుని మా వరండాలో కూర్చునేవారు.

ఇలా జరగనక్కరలేదని చెప్పడానికి దూరం వెళ్లవలసిన పనిలేదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో రిజిస్ట్రారు, ఫైనాన్స్ ఆఫీసరు, పరీక్షల నియంత్రణాధికారి పదవులకు బహిరంగ ప్రకటన ఇచ్చి, దరఖాస్తులు తీసుకుని, ఎంపిక సంఘం ముందు ఇంటర్వ్యూ చేసి, సాధారణంగా అయిదేళ్లకు నియమిస్తారు. రిజిస్ట్రారు పదవికి యూజీసీ చెప్పిన అర్హతల్లో ముఖ్యమైన దారులు రెండున్నాయి. ఒకటి పదిహేనేళ్ల అధ్యాపక అనుభవం; రెండోది పదిహేనేళ్ల పరిపాలనానుభవం, అందులో ఎనిమిదేళ్లు డిప్యూటీ రిజిస్ట్రారుగా లేదా దానికి సమానమైన హోదాలో. అంటే ఆఫీసు పనిలోనే ఎదిగిన మనిషికి కూడా ఆ కుర్చీ అందుబాటులో ఉండాలని నిబంధన ఉద్దేశం. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ రెండో దారి తెరుచుకోవడం నా ఉద్యోగకాలంలో నేను చూడలేదు. నా సొంత పదోన్నతి గురించిన ఫిర్యాదుగా దీన్ని చూడవద్దని మనవి. నేను రిటైరై కూడా చాలాకాలమైంది. అధ్యాపకులను పాలనకు రావద్దనడం లేదు. వచ్చేవారు ప్రకటన ద్వారా రావాలి, వచ్చాక నేర్చుకున్నది ఉపయోగించేందుకు తగినంత కాలం ఉండాలి, ఉపకులపతి మారినంత మాత్రాన కదలనక్కరలేని భద్రత ఉండాలి. ఉపకులపతి తప్పు ఉత్తర్వు మీద సంతకం పెట్టమన్నప్పుడు ‘ఇది స్టాట్యూట్‌కు విరుద్ధం’ అని ఫైలు మీద రాయగలిగేది అలాంటి భద్రత ఉన్న రిజిస్ట్రారు మాత్రమే. ఉపకులపతి దయతో వచ్చి, ఆ దయ ఉన్నంతకాలమే ఉండేవారి నుంచి ఆ మాట ఆశించడం న్యాయం కాదు. అలాంటి సందర్భాల్లో నేనూ నోరు మెదపకుండా ఫైలు పైకి పంపిన రోజులున్నాయి.

ఉపకులపతి ఎంపిక విషయంలో నిబంధనలు లేక కాదు. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఆచార్యులుగా పదేళ్ల అనుభవం, లేదా పేరున్న పరిశోధన సంస్థలోగాని విద్యాపాలన సంస్థలోగాని పదేళ్ల అనుభవం ఉండాలి, అన్వేషణ సంఘం (సెర్చ్ కమిటీ) మూడు నుంచి అయిదు పేర్లు సూచించాలి, సంఘంలోని సభ్యులకు ఆ విశ్వవిద్యాలయంతో ఏ సంబంధమూ ఉండకూడదు. ఈ నిబంధనలను పట్టించుకోనప్పుడు సుప్రీంకోర్టు ఊరుకోలేదు. 2022 మార్చిలో గుజరాత్‌లోని సర్దార్ పటేల్ విశ్వవిద్యాలయ ఉపకులపతి నియామకాన్ని రద్దు చేసింది. అదే ఏడాది అక్టోబరులో, కేరళ సాంకేతిక విశ్వవిద్యాలయానికి అన్వేషణ సంఘం ఒకే ఒక్క పేరు పంపిందన్న కారణంగా ఆ నియామకాన్ని కొట్టివేసింది. పశ్చిమ బెంగాల్‌లో గవర్నరుకూ రాష్ట్ర ప్రభుత్వానికీ పొసగక నియామకాలు నిలిచిపోతే, మాజీ ప్రధాన న్యాయమూర్తి యు.యు. లలిత్ గారి నాయకత్వంలో 2024లో ఎంపిక సంఘాన్ని కోర్టే వేయవలసి వచ్చింది. ఉపకులపతి ఎవరన్నది న్యాయస్థానంలో తేలేదాకా పోవడం ఏ రాష్ట్రానికీ గౌరవం కాదు.

2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదాలో పరిశ్రమలు, ప్రభుత్వపాలన, ప్రభుత్వరంగ సంస్థల్లో పనిచేసినవారికీ ఉపకులపతి పదవి తెరవాలని ప్రతిపాదించారు. అన్వేషణ సంఘాన్ని నియమించే అధికారం కులపతి చేతికి వెళ్లడాన్ని పలు రాష్ట్రాలు వ్యతిరేకించాయి, ఆ వ్యతిరేకత సబబేనని నా అభిప్రాయం, ఎందుకంటే జీతాలు ఇచ్చే రాష్ట్రానికి ఎంపికలో మాట లేకపోతే రేపు ఆ సంస్థను పట్టించుకునేవారే ఉండరు. బయటి రంగాలవారి సంగతి మాత్రం అంత తేలికగా తేల్చలేము. 1949లో బరోడా విశ్వవిద్యాలయం తొలి ఉపకులపతి హంసా మెహతా గారు స్వాతంత్ర్య సమరయోధురాలు, రాజ్యాంగసభ సభ్యురాలు. సుప్రీంకోర్టు నుంచి పదవీ విరమణ చేసిన జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి గారు ఉస్మానియాకు ఉపకులపతిగా పనిచేశారు. అయినా ఇతర రంగాల్లో పదవీ విరమణ చేసినవారిని ఈ పదవిలోకి తేవడం సాధారణంగా తగదని విద్యారంగంపై వేసిన 1964–66 నాటి కొఠారి కమిషన్ అభిప్రాయపడింది, నేనూ ఆ పక్షమే. ఒకరిద్దరు మహనీయులను చూసి నియమం రాస్తే, ఆ నియమం పట్టుకుని వచ్చేవారంతా మహనీయులై ఉండరు. తరగతి గదిలో బోర్డు ముందు నిలబడని మనిషికి, పాఠ్యప్రణాళిక ఒక్క ఏడాది ఆలస్యమైతే జిల్లాలో డిగ్రీ పిల్లలు ఏమవుతారో ఫైలు చదివి అర్థం కావడం కష్టం.

ఈ నియామకాల్లో సామాజిక సమీకరణల గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. దళిత, గిరిజన, వెనుకబడిన తరగతుల ఆచార్యులకూ మహిళలకూ ఈ కుర్చీలు దశాబ్దాల పాటు అందలేదు. ఇప్పుడు కొంతమందికైనా అందుతుంటే, ఆ మర్నాటి నుంచే ‘కోటాలో వచ్చారు’ అని గుసగుసలు మొదలవుతాయి. ఎంపిక గుట్టుగా జరగడం వల్ల అన్యాయమయ్యేది వారికే. తుది జాబితాలోని వారందరి విద్యార్హతలు, బోధించిన సంవత్సరాలు, నడిపిన విభాగాలు, పర్యవేక్షించిన సిద్ధాంత గ్రంథాలు, వారిపై విచారణలేమైనా ఉంటే వాటి ఫలితం అందరికీ కనిపించేలా పెడితే, అర్హతతో వచ్చిన మనిషి ఎవరి ముందూ తల వంచనక్కరలేదు. అన్వేషణ సంఘంలో ఎవరున్నారో, వారు ఎప్పుడు సమావేశమయ్యారో కూడా అదే చోట ఉండాలి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, ఉన్నత విద్యామండళ్లు తలచుకుంటే చాలు.

అన్వేషణ సంఘం పని పదవీకాలం ముగియడానికి ఆరు నెలల ముందే మొదలుకావాలి. ఏ కారణం చేతనైనా ఖాళీ తప్పకపోతే, బాధ్యత అదే విశ్వవిద్యాలయంలోని సీనియర్ ఆచార్యులకు అప్పగించాలి. రోజూ ఆ ఆవరణలో ఉండే మనిషి చేతికి ఫైలు గంటలో చేరుతుంది, అటెండరు మూట మోసుకుని బస్సెక్కవలసిన అగత్యం ఉండదు. పీహెచ్‌డీ పరిశీలకుల ఎంపిక, పట్టాల జారీ, పింఛన్ల మంజూరు వంటి రోజువారీ అధికారాలను ఉపకులపతి ముందుగానే తన తరువాతి అధికారి అయిన రెక్టారుకో రిజిస్ట్రారుకో రాతపూర్వకంగా అప్పగించి ఉంచాలి.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. ఉపకులపతి నియామక వార్త రాసిన రోజునే, పక్కన ఒక చిన్న పట్టిక వేయండి. రిజిస్ట్రారు, పరీక్షల నియంత్రణాధికారి, ఫైనాన్స్ ఆఫీసరు ఎవరు, ఏ శాఖ నుంచి లేదా ఏ విభాగం నుంచి వచ్చారు, పూర్తిస్థాయి నియామకమా ఇన్‌చార్జియా, ఎప్పటి వరకు అన్న వివరాలు చాలు. జిల్లా విలేకరి ఒక్క ఫోనుతో తెలుసుకోగల సమాచారమిది. తెలంగాణలో 2024 అక్టోబరులో నియమితులైన తొమ్మిది మంది మూడేళ్ల గడువు 2027 అక్టోబరులో ముగుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరిలో వచ్చిన తొమ్మిది మంది గడువు 2028 ఫిబ్రవరిలో ముగుస్తుంది. తెలంగాణలో 2027 ఏప్రిల్ నాటికి, ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది ఆగస్టు నాటికి అన్వేషణ సంఘాలు ఏర్పడాలి. ఈ తేదీలను మీ విలేకరులు ఇప్పుడే డైరీలో రాసి పెట్టుకుని, ఆ నెలలు వచ్చినప్పుడు ఉన్నత విద్యామండలి కార్యాలయాలకు వెళ్లి సంఘం పడిందా లేదా అని అడిగి, వచ్చిన జవాబును మొదటి పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత డిప్యూటీ రిజిస్ట్రారు,
ఖమ్మం.